సోలార్ కోర్సుకు ఫీజు కట్టే ముందు: రైతు బిడ్డలకు కరెంటు, నిర్మాణ పనుల శిక్షణ

పోయిన వేసవిలో ఒక రైతు ఆఫీసుకు వచ్చాడు. నాలుగు ఎకరాల మెట్ట, ఒక బోరు, ఐదు హెచ్‌పీ మోటారు. విత్తన కందుల గురించి అడగడానికి వచ్చాడనుకున్నాను. జేబులోంచి రంగుల కరపత్రం తీసి టేబుల్ మీద పెట్టాడు. "సార్, మా పెద్దోడు టెన్త్ పాసయినాడు, ఇంటర్‌లో ఒక సబ్జెక్టు పోయింది. టౌనులో సోలార్ ఇంజినీర్ కోర్సు అంట, మూడు నెలలు, 45 వేలు. చేరితే ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. పంట రుణంలోంచి కడదామా?" అన్నాడు.

పంట రుణం అంటే విత్తనం, ఎరువు, సేద్యం. అది కోర్సు ఫీజుకు పోతే జూన్‌లో మళ్లీ బయట వడ్డీకి తేవాలి. అందుకే వెంటనే అవును, కాదు అనకుండా, కోర్సు పూర్తయ్యాక ఇచ్చే సర్టిఫికెట్ నమూనా అడిగి తెమ్మన్నాను. రెండు రోజుల తర్వాత ఫోన్‌లో ఫొటో చూపించాడు. దాని మీద ఆ సంస్థ పేరు, సంస్థ ముద్ర తప్ప ప్రభుత్వ గుర్తింపు ఏదీ లేదు. అలాంటి కాగితం ఇంట్లో గోడకు తగిలించుకోవడానికి పనికొస్తుంది గానీ కరెంటు ఆఫీసులోనో, పెద్ద కంపెనీలోనో చూపిస్తే పక్కన పెట్టేస్తారు.

ఇలాంటి ప్రశ్నతో వచ్చే రైతులు ఏటేటా పెరుగుతున్నారు. కమతాలు చిన్నవవుతున్నాయి, ఇద్దరు కొడుకులుంటే రెండెకరాల చొప్పున వస్తుంది. ఒకరు సేద్యం చూసుకుని ఇంకొకరు చేతిపని నేర్చుకుంటే ఇల్లు నిలబడుతుందనే ఆలోచన సరైనదే. ఏది నేర్చుకోవాలి, ఎక్కడ నేర్చుకోవాలి, దేనికి డబ్బు పెట్టకూడదు అనేవి తెలియక నష్టపోతున్నారు. నేను వ్యవసాయ శాఖ మనిషిని, ఐటీఐ మాస్టారును కాను. కానీ ముప్పై ఏళ్లుగా ఊళ్లు తిరుగుతూ ఎవరి పిల్లలు నిలదొక్కుకున్నారో, ఎవరు తిరిగి వచ్చేశారో చూశాను.

సోలార్ పని అంటే ముందు కరెంటు పని

ప్యానెల్ పైకెత్తి బోల్టు బిగించడం రెండు రోజుల్లో వస్తుంది. దానికి హెల్పర్ కూలి ఇస్తారు. అసలు పని వైర్లలో, ఇన్వర్టర్‌లో, ఎర్తింగ్‌లో ఉంటుంది.

ఒక్క ప్యానెల్ ఎండలో సుమారు 40 నుంచి 50 వోల్టులు ఇస్తుంది. పంపుసెట్టుకో, ఇంటి పైకప్పు మీదో పది ప్యానెళ్లను వరుసగా కలిపితే 400 వోల్టులు దాటుతుంది. మన ఇంటి కరెంటు అయితే ఫ్యూజు పీకితే ఆగిపోతుంది. ప్యానెల్ నుంచి వచ్చే కరెంటును అలా ఆపలేం, ఎండ ఉన్నంతసేపూ తీగల్లో వోల్టేజీ ఉంటుంది. పైగా అది డీసీ. ఏసీ కరెంటులో మెరుపు పుడితే తనంతట తాను ఆరిపోయే అవకాశం ఎక్కువ, ఎందుకంటే ఆ కరెంటు సెకనుకు వంద సార్లు సున్నాకు వస్తుంది. డీసీలో సున్నాకు రాదు కాబట్టి వదులుగా ఉన్న కనెక్టర్ దగ్గర పుట్టిన మెరుపు అలాగే మండుతూ ఉంటుంది, వైరు కాలుతుంది, మనిషి చేయీ కాలుతుంది. కనెక్టర్‌ను పటకారుతో నొక్కేసి పని అయిందనిపించే కుర్రవాడికీ, క్రింపింగ్ టూల్‌తో బిగించి మల్టీమీటర్‌తో చూసుకునే కుర్రవాడికీ తేడా ఇక్కడ తెలుస్తుంది.

ఈ సంగతి ప్రభుత్వానికీ తెలుసు. 2015లో కేంద్ర నూతన, పునరుత్పాదక ఇంధన శాఖ 'సూర్యమిత్ర' అనే ఉచిత శిక్షణ మొదలుపెట్టింది. భోజనం, వసతితో 600 గంటలు. దానిలో చేరడానికి టెన్త్ పాసై, ఎలక్ట్రీషియన్, వైర్‌మన్, ఫిట్టర్, ఎలక్ట్రానిక్స్ మెకానిక్ వంటి ట్రేడులో ఐటీఐ చేసి ఉండాలని పెట్టారు. అంటే సోలార్ అనేది ఐటీఐ మీద వేసే రెండో అంతస్తు. పునాది లేని వాడిని మూడు నెలల్లో 'ఇంజినీర్' చేస్తామనే మాట నమ్మవద్దు.

ఐటీఐలో ఏ ట్రేడు?

అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్ల పిల్లలు కమ్యూనిటీ కాలేజీలు అని చెబుతుంటారు. డిగ్రీ కాకుండా తక్కువ ఖర్చులో వెల్డింగ్, వైరింగ్ వంటి పనులు కూడా నేర్పే కాలేజీలు. మన దగ్గర ఆ పని 1950 నుంచి ఐటీఐలు చేస్తున్నాయి. మనమే వాటిని చిన్నచూపు చూశాం.

ఎలక్ట్రీషియన్ ట్రేడు రెండేళ్లు, టెన్త్ పాస్ కావాలి. వైర్‌మన్ కూడా రెండేళ్లే, దీనికి ఎనిమిదో తరగతి చాలు. టెన్త్ తప్పిన పిల్లలకు దారి మూసుకుపోయిందని అనుకునే తల్లిదండ్రులు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. వెల్డర్, ప్లంబర్, తాపీ పని ట్రేడులు ఏడాది, ఎనిమిదో తరగతి అర్హత. కొన్ని ఐటీఐలలో సోలార్ టెక్నీషియన్ అనే ఏడాది ట్రేడు కూడా వచ్చింది. రెండింటిలో ఒకటి ఎంచుకోమంటే నేను ఎలక్ట్రీషియనే చెబుతాను. సోలార్ పని దొరకని నెలలో ఇంటి వైరింగ్ చేసుకోవచ్చు, మోటారు స్టార్టర్ బాగు చేసుకోవచ్చు. సోలార్ ఒక్కటే వచ్చిన వాడు ఆ నెల ఖాళీగా కూర్చుంటాడు.

ఇంకో ఉదాహరణ చెబుతాను. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో గ్రామ సచివాలయాల కోసం ఎనర్జీ అసిస్టెంట్ పోస్టులు, అంటే జూనియర్ లైన్‌మన్ గ్రేడ్-2, వేల సంఖ్యలో తీశారు. టెన్త్‌తో పాటు ఎలక్ట్రికల్ లేదా వైర్‌మన్ ట్రేడులో ఐటీఐ, లేదంటే ఇంటర్ ఒకేషనల్‌లో ఎలక్ట్రికల్ చదివిన వారినే తీసుకున్నారు. స్తంభం ఎక్కించి చూశారు, సైకిల్ తొక్కించారు, మీటరు రీడింగ్ చదివించారు. డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న కుర్రాళ్లు దరఖాస్తు చేసుకోలేక బాధపడటం మా మండలంలోనే చూశాను. ఐటీఐ చేసి పొలం పనికి పోతున్న వాళ్లు ఆ ఉద్యోగాలలో చేరారు.

ఐటీఐ అయిపోగానే ఏడాది అప్రెంటిస్‌షిప్ చేయించండి. విద్యుత్ పంపిణీ సంస్థలు, ఆర్టీసీ, ఫ్యాక్టరీలు అప్రెంటిస్‌లను తీసుకుంటాయి. నెలనెలా స్టైపెండ్ ఇస్తారు. జీతం తక్కువని మధ్యలో మానేసే పిల్లలు చాలామంది. ఆ ఏడాది సగంలో వదిలేస్తే తర్వాత ఎవరు అడిగినా 'అనుభవం లేదు' అనే జవాబే వస్తుంది. ఇంకా చదవాలనుకునే వారు బ్రిడ్జి పరీక్ష రాసి పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో చేరే వీలుంది.

ఒక ముఖ్యమైన మాట. ఎలక్ట్రీషియన్ సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన వైరింగ్ పని చేయడానికి కుదరదు. విద్యుత్ తనిఖీ శాఖ ద్వారా వచ్చే వైర్‌మన్ పర్మిట్ తీసుకోవాలి. ఊళ్లో చాలామంది పర్మిట్ లేకుండానే చేస్తున్నారు. ప్రమాదం జరిగిన రోజున కేసు వాళ్ల మీదే పడుతుంది.

రెండేళ్లు కుదరని వాళ్లకు

అందరి ఇళ్లలో రెండేళ్లు పిల్లవాణ్ణి వదిలిపెట్టే వీలు ఉండదు. తండ్రికి ఆరోగ్యం బాగుండదు, లేదా పత్తి తీతకు మనిషి కావాలి. అలాంటి వారికి బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు ఉన్నాయి. జిల్లాకు ఒకటి ఉండాలనే ఉద్దేశంతో పెట్టినవి. ఆర్‌సెటి అంటే మండల సమాఖ్య ఆఫీసులో చెబుతారు. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో ధర్మస్థల వారూ, రెండు బ్యాంకులూ కలిసి మొదలుపెట్టిన సంస్థ దీనికి నమూనా. 18 ఏళ్లు నిండిన గ్రామీణ యువతకు శిక్షణ, భోజనం, వసతి అన్నీ ఉచితం. ఇంటి వైరింగ్, మోటారు రీవైండింగ్, పంపుసెట్ల మరమ్మతు వంటివి సుమారు నెల రోజుల్లో నేర్పుతారు. తర్వాత రెండేళ్ల పాటు కనుక్కుంటూ, బ్యాంకు రుణానికి సాయం చేస్తారు.

రైతు కుటుంబానికి ఈ మోటారు కోర్సు బాగా సరిపోతుందని నా అభిప్రాయం. మన ఊళ్లో బోరు లేని పొలం ఉండొచ్చు గానీ కాలిన మోటారు లేని వేసవి ఉండదు. రీవైండింగ్ కోసం మోటారును ఆటోలో వేసుకుని టౌనుకు తీసుకుపోతే పైరు మూడు రోజులు ఎండుతుంది. ఊళ్లోనే చేసే కుర్రవాడు ఉంటే రాత్రికి రాత్రి తిరుగుతుంది. ఇది నెల రోజుల కోర్సే కాబట్టి రబీ కోతలు అయ్యాక, మార్చి నుంచి మే లోపల పెట్టుకుంటే సేద్యానికి ఇబ్బంది లేదు.

ఉద్యోగమే కావాలనుకునే పేద కుటుంబాల పిల్లలకు దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన 2014 నుంచి ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో సీడాప్, తెలంగాణలో ఈజీఎంఎం చూస్తాయి. 15 నుంచి 35 ఏళ్ల వారికి, ఆడపిల్లలకు ఇంకొంచెం వయసు సడలింపు. దీనిలో చేర్చేటప్పుడు ఉద్యోగం ఏ ఊళ్లో ఇస్తారు, అక్కడ గది అద్దె పోను ఏం మిగులుతుంది అని ముందే లెక్క వేసుకోండి. చెన్నైకో, బెంగళూరుకో పోయి రెండు నెలలకే తిరిగివచ్చిన పిల్లలంతా ఆ లెక్క వేసుకోక పోయినవాళ్లే.

బేల్దారి పని తక్కువది కాదు

నిర్మాణ పని అనగానే మన వాళ్లు తట్ట మోసే కూలి అనుకుంటారు. టౌన్లలో పైపులు బిగించే వాడు, టైల్స్ వేసే వాడు, కడ్డీ వంచి కట్టే వాడు దొరకడం కష్టంగా ఉంది. హైదరాబాద్‌లో 1998లో ఏర్పాటైన నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్, 'న్యాక్' అంటారు, ఈ పనులే నేర్పుతుంది. గ్రామీణ నిరుద్యోగ యువతకు తాపీ పని, కడ్డీ పని, ప్లంబింగ్, వైరింగ్ వంటి శిక్షణలు ఇచ్చింది. జిల్లాల్లోనూ కేంద్రాలు ఉన్నాయి.

సోలార్‌కూ దీనికీ సంబంధం లేదనుకోకండి. సోలార్ పంపు పెట్టేటప్పుడు ప్యానెళ్ల స్టాండుకు కాంక్రీటు పునాది వేస్తారు. ప్యానెళ్ల వరుస గాలికి తెరచాపలా నిలబడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఈదురుగాలి వస్తే లాగే బలమంతా ఆ పునాది మీదే. గుంత లోతు తగ్గించి, సిమెంటు పలచగా కలిపి, మూడో రోజే స్టాండు ఎక్కించిన చోట ప్యానెళ్లు బోర్లా పడటం నేను కళ్లారా చూశాను. ఒకటి, ఒకటిన్నర, మూడు పాళ్లలో సిమెంటు, ఇసుక, కంకర కలిపి, కనీసం ఏడు రోజులు, బూడిద కలిసిన సిమెంటు అయితే పది రోజులు నీళ్లు కొట్టాలి. ఈ సంగతి తెలిసిన బేల్దారి లేకపోతే కరెంటు పని ఎంత బాగా చేసినా వృథా.

ఇప్పటికే పదేళ్లుగా తాపీ పని చేస్తున్న వారికి మళ్లీ కోర్సు అక్కర్లేదు. వచ్చిన పనిని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి ఒకటి ఉంది, ఆర్‌పీఎల్ అంటారు. 2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో తాపీ మేస్త్రి, వడ్రంగి, కమ్మరి ఉన్నారు. ఐదారు రోజుల శిక్షణ, ఆ రోజుల్లో రోజుకు 500 రూపాయలు, పనిముట్లకు 15 వేల వోచరు, 5 శాతం వడ్డీకి మొదట లక్ష వరకు రుణం అందులో భాగాలు. ఇక ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసిన 18 నుంచి 60 ఏళ్ల వారెవరైనా భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేసుకోవాలి. ప్రమాదం జరిగితే ఆ కార్డే ఆధారం. సేద్యం లేని నెలల్లో పనికి పోయే సన్నకారు రైతుకూ ఇది వర్తిస్తుంది. చాలామందికి ఈ సంగతే తెలియదు.

సోలార్ ప్లాంటు వచ్చింది, ఉద్యోగాలు ఎన్ని?

ఇక్కడ నా పొరపాటు ఒకటి ఒప్పుకోవాలి. మా ప్రాంతానికి పెద్ద సోలార్ ప్లాంటు వస్తుందన్నప్పుడు భూములు ఇచ్చే రైతులతో "మీ పిల్లలకు ఊళ్లోనే ఉద్యోగాలు" అని నేను కూడా అన్నాను. పని జరిగిన ఏడాదిన్నర ఊరంతా కళకళలాడింది. గుంతలు, స్టాండ్లు, కేబుళ్లు, ట్రాక్టరు బాడుగలు. తర్వాత ప్లాంటు నడవడం మొదలైంది, మనుషుల అవసరం పోయింది. మిగిలింది ప్యానెళ్లు కడగడం, గడ్డి కోయడం, కాపలా. లోపల కంట్రోల్ రూములో కూర్చునే కొద్దిమంది డిప్లొమా, ఐటీఐ వాళ్లు, వాళ్లలో మా ఊరి పిల్లలు తక్కువ. ఇది ఎవరి మోసమూ కాదు, ఆ పని స్వభావమే అంత. ప్లాంటు రాకముందే రెండేళ్లు ఐటీఐ చేయించి ఉంటే కొందరైనా లోపల ఉండేవారు. ఆ మాట నేను అప్పుడు చెప్పలేదు.

చిన్న చిన్న సోలార్ పనుల సంగతి వేరు. 2019లో వచ్చిన పీఎం కుసుమ్ కింద 7.5 హెచ్‌పీ వరకు సోలార్ పంపులకు కేంద్రం 30 శాతం, రాష్ట్రం 30 శాతం సబ్సిడీ అనేది పథకంలో ఉంది. 2024 ఫిబ్రవరిలో వచ్చిన పీఎం సూర్యఘర్ కోటి ఇళ్ల పైకప్పులు లక్ష్యంగా పెట్టుకుంది. మూడు కిలోవాట్లకు 78 వేల రూపాయల సబ్సిడీ. ఒక ప్లాంటులో ప్యానెళ్లన్నీ ఒకే చోట ఉంటాయి, చూసుకోవడానికి కొద్దిమంది చాలు. అవే ప్యానెళ్లు వెయ్యి ఇళ్ల మీద, వంద బోర్ల దగ్గర ఉంటే ప్రతి మండలానికీ ఇద్దరు ముగ్గురు మెకానిక్‌లు కావాలి. కంట్రోలర్ ఎర్రలైటు చూపిస్తోందని, నీళ్లు తగ్గాయని ఫోన్ చేస్తే కంపెనీ మనిషి వచ్చేసరికి పైరు వాడిపోతుంది. అందుకే ఊరి పిల్లవాడికి నిలకడైన పని ఇక్కడే దొరుకుతుందని నా నమ్మకం.

ఆడపిల్లల మాట కూడా చెప్పాలి. రాజస్థాన్‌లోని తిలోనియాలో బేర్‌ఫుట్ కాలేజీ అనే సంస్థ చదువు రాని నడివయసు ఆడవాళ్లకు సోలార్ దీపాలు తయారుచేయడం, బాగు చేయడం నేర్పింది. రంగులతో, బొమ్మలతో నేర్పారు, పల్లెల్లో వాళ్లే బాగు చేస్తున్నారు. మన ఇంట్లో టెన్త్ పాసైన కూతురికి ఎలక్ట్రీషియన్ ట్రేడు వద్దనడానికి స్తంభం ఎక్కాలనే భయం తప్ప ఇంకో కారణం కనబడదు. ఇన్వర్టర్ సర్వీసుకు స్తంభం ఎక్కనక్కర్లేదు.

చేరే ముందు అడగాల్సినవి

ప్రైవేటు సంస్థ ఏదైనా తప్పు అని నా ఉద్దేశం కాదు. మంచి ప్రైవేటు ఐటీఐలు ఉన్నాయి. డబ్బు కట్టే ముందు పిల్లవాణ్ణి వెంటబెట్టుకుని స్వయంగా వెళ్లండి, వర్క్‌షాప్ చూపించమనండి. పిల్లలు పని చేస్తుండగా చూడాలి, తాళం వేసిన గది చూపిస్తే వెనక్కి వచ్చేయండి. ఒక్కో మల్టీమీటర్‌కు ఎంతమంది పిల్లలు, ప్యానెళ్లు బయట ఎండలో బిగించి ఉన్నాయా లేక గోడకు ఆనించి ఉన్నాయా చూసుకోండి. ఎత్తులో పని నేర్పేటప్పుడు నడుముకు బెల్టు వేస్తున్నారా అని అడగండి. సర్టిఫికెట్ ప్రభుత్వానిదా, నైపుణ్య మండలి ఇచ్చేదా, సొంతదా అని రాతపూర్వకంగా చెప్పమనండి. పోయిన బ్యాచ్‌లో చేరిన ఇద్దరి ఫోన్ నంబర్లు ఇమ్మంటే ఇవ్వని చోట చేర్చవద్దు. 'గ్యారంటీ ఉద్యోగం' అన్న మాటకు జీతం, ఊరు, కంపెనీ పేరు కాగితం మీద రాయమంటే చాలామంది మాట మార్చేస్తారు.

గల్ఫ్ పోదామనుకునే వారు ముందు ఇక్కడ ట్రేడు సర్టిఫికెట్ తీసుకుని వెళ్లండి. ప్రభుత్వం వద్ద నమోదైన ఏజెంటు 30 వేలు, దాని మీద జీఎస్టీకి మించి సర్వీసు చార్జీ తీసుకోకూడదు. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్ ప్రభుత్వ సంస్థలే. లక్షల అప్పు చేసి విజిట్ వీసా మీద పోయిన వాళ్ల పొలాలు తాకట్టులో ఉండిపోయాయి.

మొదట చెప్పిన రైతు కొడుకు ఇప్పుడు ప్రభుత్వ ఐటీఐలో ఎలక్ట్రీషియన్ మొదటి ఏడాది. ఫీజు నామమాత్రం, బస్ పాస్ ఉంది, ఆదివారం పొలానికి వస్తాడు. సంక్రాంతి సెలవుల్లో వచ్చినప్పుడు తండ్రి స్టార్టర్ పెట్టె తెరిచి చూసి, ఎర్తింగ్ వైరు అసలు కలపలేదని చెప్పాడట. ఎనిమిదేళ్లుగా తడి చేత్తో ఆ బటన్ నొక్కుతున్నానని ఆ రైతు నాతో అన్నాడు.

ఐటీఐ ప్రవేశాలు టెన్త్ ఫలితాల తర్వాత, మే, జూన్ నెలల్లో మొదలై విడతలుగా జరుగుతాయి. మొదటి విడతలోనే ఎలక్ట్రీషియన్ సీట్లు అయిపోతాయి. టెన్త్ మార్కుల జాబితా, టీసీ, ఆధార్, కుల ధ్రువీకరణ, ఆదాయ పత్రం, ఫొటోలు ముందే సిద్ధం చేసుకోండి. కుల, ఆదాయ పత్రాలకు సచివాలయంలోనో, మీసేవలోనో విత్తనాల హడావుడి మొదలు కాకముందే దరఖాస్తు చేయండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుందా అన్నది చేరే రోజునే ఐటీఐ ఆఫీసులో అడిగి తెలుసుకోండి.